సభలో మాట, వోటు, మౌనము : శ్రీ నీలం సంజీవరెడ్డిగారి ప్రజాప్రతినిధి జీవితము

భారతము సభాపర్వమున ద్రౌపది అడిగిన ప్రశ్న ఒక్కటే. ఆ ప్రశ్నకు ఉత్తరము చెప్పదగిన పెద్దలు సభనిండ ఉండిరి. భీష్ముడు ధర్మము సూక్ష్మమని తప్పుకొనెను. ద్రోణుడు పలుకలేదు. ధృతరాష్ట్రుని కొడుకైన వికర్ణుడొక్కడు లేచి తన అభిప్రాయము చెప్పగా, కర్ణుడు వానిని బాలుడని కసరికొట్టెను. అప్పుడు విదురుడు సభాధర్మమును వివరించుచు, ధర్మమెరిగియు సభలో నోరు మెదపనివానికి అధర్మములో పాలు తప్పదని చెప్పి, ప్రహ్లాదుని కథను దృష్టాంతముగా చూపెను. ప్రహ్లాదుడు తన కుమారుడైన విరోచనునకును, సుధన్వునకును కలిగిన వివాదములో న్యాయపీఠమెక్కి, కన్నకొడుకునకు వ్యతిరేకముగా తీర్పు చెప్పినవాడు.

సభలో కూర్చుండువానిని కొలుచుటకు మన పెద్దలు ఏర్పరచిన కొలతలు ఈ కథలో మూడు కనబడుచున్నవి. అతడేమి మాటాడెను? ఎటువైపు నిలిచెను? మాటాడవలసినచోట మౌనము వహించెనా? రాజుల సభలు పోయి ప్రజల సభలు వచ్చినను ఈ కొలతలు మారలేదు. మారినదొక్కటే. నాడు సభలో జరిగినది వ్యాసుడు వ్రాసిననే లోకమునకు తెలిసినది. నేడు సభ్యుడు పలికిన ప్రతిమాటయు, విభజన జరిగినప్పుడు వేసిన ప్రతి వోటును అచ్చుపడి గ్రంథాలయములకు చేరుచున్నది. చదువుకొనువారికి ఆ అవకాశము కలదు. చదువనివారికి ఎన్నికలనాటి ఉపన్యాసమే మిగులును.

గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఒక ప్రజాప్రతినిధి చరిత్రను ఈ మూడు కొలతలతో పరిశీలించుట అనుచితము కాదు. అందుకు శ్రీ నీలం సంజీవరెడ్డిగారికంటె తగిన ఉదాహరణము రాయలసీమలో దొరకుట కష్టము. వారు అనంతపురము జిల్లాలో పుట్టి, కర్నూలు జిల్లా ప్రజల వోట్లతో రెండు పర్యాయములు చట్టసభలకు వెళ్ళి, శాసనసభ్యత్వము మొదలు రాష్ట్రపతి పదవి వరకు అన్ని మెట్లును ఎక్కినవారు. నేడు గండికోట లోయలో నిలిచిన నీటికిని వారి పేరునకును గల సంబంధము కొంచెమైనది కాదు.

తొలి మెట్లు

సంజీవరెడ్డిగారు 1913 మే 19వ తేదీన అనంతపురము జిల్లా ఇల్లూరు గ్రామమున జన్మించిరి. అడయారు దివ్యజ్ఞాన సమాజ పాఠశాలలోను, అనంతపురము కళాశాలలోను చదివి, 1931లో చదువు విడిచి స్వాతంత్ర్యోద్యమమున దిగిరి. 1938లో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు కార్యదర్శియై పది సంవత్సరములు ఆ బాధ్యత వహించిరి. 1940 నుండి 1945 వరకు వారి కాలము అధికభాగము చెరసాలలోనే గడిచినది. 1946లో మదరాసు శాసనసభకు ఎన్నికైరి. భారత రాజ్యాంగ పరిషత్తులోను సభ్యులుగా నుండిరి. 1949 నుండి 1951 వరకు కుమారస్వామిరాజాగారి మంత్రివర్గమున మద్యనిషేధము, గృహనిర్మాణము, అడవులు అను శాఖలను నిర్వహించిరి. ఈ మద్యనిషేధ శాఖను పాఠకులు గుర్తుంచుకొనవలెను. దాని పర్యవసానము ముందు రానున్నది.

1951లో రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్ష పదవికై మంత్రిపదవిని వదలుకొని పోటీచేసి, ఆచార్య ఎన్.జి. రంగాగారిని ఓడించిరి. రంగాగారు కాంగ్రెసును వీడి కృషికార్ లోక్ పార్టీని స్థాపించిరి. కాని మరుసటి సంవత్సరము జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలలో అనంతపురము వోటర్లు ఈ కాంగ్రెసు అధ్యక్షుని ఓడించి, కమ్యూనిస్టు అభ్యర్థియైన శ్రీ తరిమెల నాగిరెడ్డిగారిని గెలిపించిరి. నాగిరెడ్డిగారు సంజీవరెడ్డిగారికి స్వయముగా బావమరది. చుట్టరికము వేరు, వోటు వేరు అని సీమ పల్లెలు ఆనాడే తేల్చిచెప్పినవి. నాగిరెడ్డిగారు అటుపిమ్మట పార్లమెంటులోను, మరల శాసనసభలోను పనిచేసి, సభలవలన పేదల కష్టము తీరదను నిశ్చయముతో 1969 మార్చిలో శాసనసభ్యత్వమునకు రాజీనామా చేసిరి. ఒక ఇంటి బంధువు లిరువురు సభను గూర్చి రెండు విరుద్ధమైన నిర్ణయములకు వచ్చిరి. ఒకరు సభలోని అత్యున్నతపీఠమునకు ఎక్కిరి. ఒకరు సభనుండి వెడలిపోయిరి. ఇరువురి మాటలును అచ్చులో నున్నవి. పాఠకులు రెండును చదివి పోల్చుకొనవలసినవే.

శ్రీబాగ్ మాట

రాయలసీమ ప్రతినిధి యెవరినైనను కొలుచుటకు ఈ సీమకు ప్రత్యేకమైన కొలత ఒకటి కలదు. అది శ్రీబాగ్ ఒడంబడిక. 1937 నవంబరు 16వ తేదీన మదరాసులో దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావుగారి గృహమైన శ్రీబాగ్‌లో కోస్తా నాయకులును, సీమ నాయకులును కూర్చుండి ఈ ఒప్పందము చేసికొనిరి. సీమ పక్షమున సంతకము చేసినవారిలో కడప కోటిరెడ్డిగారు, కల్లూరు సుబ్బారావుగారు ఉండిరి. కోస్తా పక్షమున కొండా వెంకటప్పయ్యగారు, పట్టాభి సీతారామయ్యగారు ఉండిరి.

ఒప్పందములోని ముఖ్యాంశములు నాలుగు. అనంతపురమున ఒక విశ్వవిద్యాలయ కేంద్రము నెలకొల్పవలెను. తుంగభద్ర, కృష్ణ, పెన్న నదుల నీటి పథకములలో పది సంవత్సరములు, అవసరమైనచో అంతకంటె ఎక్కువకాలము, సీమ జిల్లాలకు ప్రథమ ప్రాధాన్యము నీయవలెను. శాసనసభ స్థానములు జిల్లాలవారీగా సమానప్రాతిపదికపై నుండవలెను. రాజధాని యొకచోట, హైకోర్టు మరియొకచోట నుండవలెను. ఏది కావలెనో కోరుకొను హక్కు సీమవారిదే. ఈ మాటను నమ్మియే సీమవారు ఆంధ్రరాష్ట్రోద్యమములో మనఃపూర్వకముగా చేరిరి.

శ్రీ పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణానంతరము 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రమవతరించినది. కమ్యూనిస్టులు, కోస్తా ప్రతినిధులలో పలువురు విజయవాడ–గుంటూరు ప్రాంతమున రాజధాని కోరిరి. సీమవారు శ్రీబాగ్ మాటను పట్టుకొని కర్నూలును కోరిరి. చివరకు కర్నూలే రాజధాని యైనది. ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి, సంజీవరెడ్డిగారు ఉపముఖ్యమంత్రి. చాలినన్ని భవనములు లేక డేరాలలో కచ్చేరీలు నడచినవి. ఆనాడు శ్రీబాగ్ మాటలోని ఒక భాగము నెరవేరినది. 1954 జూలైలో గుంటూరున హైకోర్టు ప్రారంభమైనది. రాజధాని యొకచోట, హైకోర్టు వేరొకచోట అను మాటయు చెల్లినది. మిగిలినది నీరు.

ఒక్క వోటు

కర్నూలు శాసనసభలో 140 స్థానము లుండెను. ప్రకాశముగారి ప్రభుత్వమునకు స్థిరమైన ఆధిక్యము లేదు. మద్యనిషేధమును గూర్చి విచారించుటకు నియమింపబడిన శ్రీ ఎస్.వి. రామమూర్తిగారి సంఘము ఆ చట్టమును రద్దుచేయుట మేలని సిఫారసు చేసినది. చాటుగా సారాకాపు పెరుగుట, కల్లుగీతవారికి జీవనోపాధి పోవుట, ఖజానాకు రాబడి తగ్గుట ఆ చర్చలో ప్రధానవిషయములు. శ్రీ గౌతు లచ్చన్నగారు గీతకార్మికుల పక్షమున పోరాటము సాగించిరి. ప్రకాశముగారు, కాంగ్రెసువారు మద్యనిషేధమును విడువలేదు.

ప్రతిపక్షములు ఏకమై అవిశ్వాస తీర్మానము తెచ్చినవి. 1954 నవంబరు 6వ తేదీన వోటింగు జరిగినది. తీర్మానమునకు అనుకూలముగా 69, ప్రతికూలముగా 68. ఒక్క వోటుతో ప్రభుత్వము పడిపోయినది. రాష్ట్రపతి పాలన వచ్చినది. ఒకనాడు మదరాసులో మద్యనిషేధ శాఖను నిర్వహించిన సంజీవరెడ్డిగారు, కర్నూలులో అదే విషయముపై పతనమైన మంత్రివర్గములో రెండవస్థానమున నుండిరి.

ఈ వోటును గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. మొదటిది : ఆనాడు సభలో ఎవరి మాట ఒప్పు, ఎవరి మాట తప్పు అను వివాదము నేటికిని సాగవచ్చును, కాని ఎవరెటు నిలిచిరో దాపరికము లేదు. తమ సిద్ధాంతమును విడిచి పదవిని నిలుపుకొనుటకు ప్రకాశముగారు ఒప్పుకొనలేదు. గీతకార్మికుల ఆకలిని సిద్ధాంతముకొరకు సహించుటకు ప్రతిపక్షము ఒప్పుకొనలేదు. రెండవది : ఒక్క వోటుకు విలువ లేదని పోలింగునాడు ఇంట కూర్చుండువారు ఈ అంకెలను గుర్తుంచుకొనవలెను. 69, 68.

1955 ఫిబ్రవరిలో జరిగిన మధ్యంతర ఎన్నికలలో కాంగ్రెసు సంయుక్త సంఘటన 196 స్థానములలో 146 గెలిచినది. కమ్యూనిస్టులకు సుమారు నూటికి 31 వోట్లు వచ్చినను 15 స్థానములే దక్కినవి. శ్రీ బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రియైరి. కాళహస్తినుండి ఎన్నికైన సంజీవరెడ్డిగారు మరల ఉపముఖ్యమంత్రియైరి.

ముఖ్యమంత్రి పీఠము

విశాలాంధ్ర ఏర్పాటుకు ముందు తెలంగాణమువారి అనుమానములను తీర్చుటకై ఆంధ్ర శాసనసభ 1955 నవంబరు 25వ తేదీన ఒక తీర్మానము చేసినది. 1956 ఫిబ్రవరి 20వ తేదీన ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందము జరిగినది. ఆంధ్రపక్షమున సంతకము చేసిన నలుగురిలో సంజీవరెడ్డిగారొకరు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతమువాడైనచో ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతమువాడై యుండవలెనని ఆ ఒప్పందములో స్పష్టముగా కలదు. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ అవతరించినది. సంజీవరెడ్డిగారు తొలి ముఖ్యమంత్రియైరి. ఉపముఖ్యమంత్రిని నియమింపలేదు. ఆ పదవి చేతికి ఆరవవేలువంటిదని వారు తీసివేసినట్లు నాటినుండి లోకములో ప్రసిద్ధి. తాము స్వయముగా సంతకము చేసిన మాటను తామే తేలికచేయుట వారి చరిత్రలో మచ్చయే. తెలంగాణమున 1969లో చెలరేగిన ఆందోళనకు కారణములలో ఉల్లంఘింపబడిన ఈ ఒప్పందమొకటి. మాట తప్పినవారు పదవినుండి దిగిపోయిన తరువాతకూడ తప్పినమాట తన పని తాను చేయుచునే యుండును.

అదేదినమున కర్నూలు రాజధానిత్వము ముగిసినది. మూడేండ్ల ఒక నెల కాలము నడచిన కచ్చేరీలు హైదరాబాదునకు తరలినవి. గుంటూరు హైకోర్టును హైదరాబాదు చేరినది. శ్రీబాగ్‌లో సీమవారికి ఇచ్చిన ఎంపికహక్కు అంతటితో నిరర్థకమైనది. తెలుగువారందరు ఒక్కటగుటకు సీమ తన రాజధానిని వదలుకొన్నది. ఈ త్యాగమునకు బదులుగా నీటిపై మాట నైనను గట్టిపరచి తీసికొనవలసిన సమయమది. ముఖ్యమంత్రి సీమవాడు. ఢిల్లీ ఒప్పందము తెలంగాణమునకు రక్షణలు కల్పించినది. సీమకు శ్రీబాగ్ మాటను దానిలో ఎవరును చేర్పింపలేదు. సభాపర్వములోని మూడవ కొలత ఇచ్చట వర్తించును.

వారి కాలమున జరిగిన మేలును చెప్పకుండుట న్యాయము కాదు. 1959 నవంబరు 1వ తేదీనుండి రాష్ట్రమున పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు నెలకొన్నవి. దేశములో రాజస్థానము తరువాత ఈ మార్పును తెచ్చినది ఆంధ్రప్రదేశే. పల్లెవాడు బడికొరకో బావికొరకో జిల్లా కచ్చేరి గడపలో పడియుండక, తాను వోటువేసిన మనిషిని నిలదీసి అడుగగల స్థితి దీనివలన కలిగినది. 1960లో గ్రంథాలయ చట్టము వచ్చినది. 1948 నాటి మదరాసు చట్టము, 1955 నాటి హైదరాబాదు చట్టము కలిసి ఒక్కటై, జిల్లాకొక గ్రంథాలయ సంస్థ ఏర్పడి, ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపన్ను వసూలగు పద్ధతి రాష్ట్రమంతట నెలకొన్నది. ఇంటిపన్ను రసీదులో గ్రంథాలయము పద్దుక్రింద కనబడు పైసలు అచ్చటినుండి వచ్చినవే. ఆ సంవత్సరము జనవరిలో సంజీవరెడ్డిగారు అఖిలభారత కాంగ్రెసు అధ్యక్షులై వెళ్ళగా, కర్నూలు జిల్లా పెదపాడులో జన్మించిన శ్రీ దామోదరం సంజీవయ్యగారు ముఖ్యమంత్రియైరి. దేశములో ఆ పదవి నధిష్ఠించిన తొలి హరిజన నాయకుడు వారే.

మౌనమునకు వెల

1962లో సంజీవరెడ్డిగారు కర్నూలు జిల్లా డోన్ నియోజకవర్గమునుండి ఎన్నికై రెండవసారి ముఖ్యమంత్రియైరి. ఆ కాలమున కర్నూలు జిల్లా బస్సుమార్గములను ప్రభుత్వ రోడ్డు రవాణాసంస్థ స్వాధీనము చేసికొనుటకు పథకము సిద్ధమైనది. బస్సు యజమానులు న్యాయస్థానమున కెక్కిరి. 1962 ఎన్నికలలో తమకు వ్యతిరేకముగా పనిచేసినవారిని దెబ్బతీయుటకే ముఖ్యమంత్రి ఈ జిల్లాను ముందుకు తెప్పించిరని వారి అభియోగము. వ్యాజ్యము సుప్రీంకోర్టువరకు వెళ్ళినది. 1964 ఆరంభమున తీర్పు వచ్చినది.

ఆ తీర్పులోని తర్కమును గ్రామములో లెక్కలు చూచు ప్రతివాడు అర్థము చేసికొనగలడు. అభియోగము ముఖ్యమంత్రిపై వ్యక్తిగతముగా వచ్చినది. దానిని కాదని ప్రమాణపూర్వకముగా చెప్పవలసినవాడు ఆయనయే. ఆయన ప్రమాణపత్రము దాఖలు చేయలేదు. సంస్థ అధికారులు చేసిన ప్రమాణములు ఆ లోటును పూరింపలేవు. ఎందుకనగా ముఖ్యమంత్రి మనస్సులోని ఉద్దేశ్యము వారికి తెలియు విషయము కాదు. ఖండింపని అభియోగమును ఖండింపనిదిగానే గ్రహింపవలసివచ్చెనని న్యాయస్థానము పథకమును కొట్టివేసినది.

పదవినుండి దిగుమని న్యాయస్థానము ఆజ్ఞాపింపలేదు. శాసనసభలో వారి ఆధిక్యమునకు లోటు లేదు. అయినను తీర్పులోని వ్యాఖ్యలకు తలయొగ్గి ఫిబ్రవరి చివర సంజీవరెడ్డిగారు రాజీనామా చేసిరి. శ్రీ కాసు బ్రహ్మానందరెడ్డిగారు ముఖ్యమంత్రియైరి.

ఈ ఘట్టమును కొందరు మచ్చగా చెప్పుదురు, కొందరు కీర్తిగా చెప్పుదురు. రెండును నిజమే. మాటాడవలసినచోట మౌనము వహించుట తప్పు. ఆ తప్పునకు వెల చెల్లించుమని ఎవరును బలవంతపెట్టకమునుపే చెల్లించుట మర్యాద. ఆ మర్యాద నేటి రాజకీయములలో అరుదైనదని వేరుగా చెప్పనక్కరలేదు.

ప్రహ్లాదుని పీఠము

అనంతరము కేంద్రములో ఉక్కు, గనుల శాఖయు, రవాణా, విమానయాన శాఖలును నిర్వహించి, 1967లో హిందూపురమునుండి లోకసభకు ఎన్నికైరి. ఆ మార్చి 17వ తేదీన లోకసభకు స్పీకరైరి. పీఠమెక్కిన వెంటనే వారు చేసిన పని కాంగ్రెసు సభ్యత్వమునకు రాజీనామా. 34 సంవత్సరముల బంధమది. స్పీకరు ఏ పక్షమువాడును కాకూడదని చెప్పుట సులభము. ఆ మాటను తన సభ్యత్వపు చీటితో ఋజువుచేయుట వేరు.

రాష్ట్రపతి ఉభయసభలను ఉద్దేశించి ప్రసంగించిన దినముననే ప్రభుత్వముపై అవిశ్వాస తీర్మానమును వారు స్వీకరించిరి. అంతకుముందు అట్లు జరిగియుండలేదు. తనను పీఠమెక్కించిన పక్షమునకు అది రుచింపకపోవచ్చునని తెలిసియే చేసిరి. షెడ్యూల్డు కులముల, తెగల సంక్షేమముకొరకు పార్లమెంటు సంఘము వారి కాలముననే ఏర్పడినది. సభలో పూరీ శంకరాచార్యులవారిని గూర్చి సభ్యులు పలికిన మాటలపై కొందరు భక్తులు స్పీకరుపైనను, సభ్యులపైనను వ్యాజ్యము వేయగా, సభలో పలికిన మాటకు న్యాయస్థానమున జవాబు చెప్పనవసరము లేదని సుప్రీంకోర్టు 1970లో తేల్చినది. సభ్యునికి ఇంతటి స్వేచ్ఛను ఇచ్చిన రాజ్యాంగము అతనినుండి కోరునది ఒక్కటే : ఆ స్వేచ్ఛను ప్రజలకొరకు వాడుమని. వాడనివాడు ఆ రక్షణక్రింద నిద్రించుచున్నాడనియే అర్థము.

అంతరాత్మ పేరిట వోటు

1969 మే నెలలో రాష్ట్రపతి జాకీర్ హుస్సేనుగారు పరమపదించిరి. కాంగ్రెసు సంజీవరెడ్డిగారిని అభ్యర్థిగా నిర్ణయించినది. వారు జూలై 19వ తేదీన స్పీకరు పదవిని వదలిరి. ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీ, తమ పక్షపు సభ్యులు అంతరాత్మ ప్రబోధము ననుసరించి వోటు వేయవచ్చునని సూచించిరి. పోటీలో శ్రీ వి.వి. గిరిగారు, శ్రీ సి.డి. దేశముఖుగారు ముఖ్యులు. గిరిగారును తెలుగువారే.

ఈ ఎన్నికలో సామాన్యులకు వోటు లేదు. శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు మాత్రమే వోటర్లు. ఒక్కొక్క వోటునకు జనాభానుబట్టి విలువ కట్టుదురు. తొలి లెక్కింపులో గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, దేశముఖుగారికి 1,12,769 వచ్చినవి. ఎవరికిని సగము మించలేదు. ద్వితీయ ప్రాధాన్యములు కలిపిన పిమ్మట గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427. భేదము 14,650.

1954లో ఒక్క వోటుతో పడిపోయిన మంత్రివర్గములోని ఉపముఖ్యమంత్రి, 1969లో తన పక్షపు వోట్లే చీలుటచేత ఓడిపోయిరి. కాని రెండింటికిని గొప్ప తారతమ్యమున్నది. కర్నూలులో ఎవరెటు నిలిచిరో లోకమునకు తెలిసినది. రాష్ట్రపతి ఎన్నిక రహస్యమైనది. ఏ సభ్యుని అంతరాత్మ ఏమి చెప్పెనో అతనికి దక్క ఎవరికిని తెలియదు. వోటర్లకు రహస్యము రక్షణ. ప్రతినిధికి రహస్యము అట్టి రక్షణ కానేరదు. అతడు వేయునది తన వోటు కాదు, తనను పంపినవారి వోటు.

నంద్యాల తీర్పు

1971 ఎన్నికలలో ఓడి, వారు అనంతపురము చేరి వ్యవసాయము చేసికొనుచుండిరి. అత్యవసరపరిస్థితి అనంతరము 1977లో జరిగిన ఎన్నికలలో ఆంధ్రప్రదేశ్ 42 లోకసభ స్థానములలో 41 కాంగ్రెసుకు ఇచ్చినది. మిగిలిన ఒక్కటి నంద్యాల. అచ్చటనుండి జనతా పార్టీ పక్షమున సంజీవరెడ్డిగారు గెలిచిరి. రాష్ట్రమంతయు ఒకదారిని పోవగా కర్నూలు జిల్లాలోని ఒక నియోజకవర్గము వేరుదారి పట్టినది. మార్చి 26న వారు మరల స్పీకరైరి. జూలైలో ఆ పదవిని వదలి, పోటీలేకుండ రాష్ట్రపతిగా ఎన్నికై 25వ తేదీన ప్రమాణము చేసిరి. పోటీలేకుండ రాష్ట్రపతియైనవారిలో వారే ప్రథములు.

1979లో వారికి కఠినపరీక్ష ఎదురైనది. జూలైలో మొరార్జీ దేశాయిగారు ప్రధానిపదవికి రాజీనామా చేసిరి. చరణ్‌సింగుగారిని ప్రధానిగా నియమించి, సభలో బలము నిరూపింపుమని రాష్ట్రపతి కోరిరి. కాంగ్రెసు (ఐ) మద్దతు ఉపసంహరింపగా, ఆయన సభను ఎదుర్కొనకయే ఆగస్టు 20న రాజీనామా చేసి, లోకసభను రద్దుచేయుమని సలహా ఇచ్చిరి. తనకు అవకాశమీయవలెనని జగ్జీవన్‌రామ్‌గారు కోరుచుండగా, ఆగస్టు 22న సభ రద్దయినది. సభలో బలమును సభయే తేల్చవలెను; ఆ వోటు జరుగనేలేదు. వారి నిర్ణయమును సమర్థించువారికి సమర్థించు కారణములున్నవి. సభకు స్థిరత్వము లేదన్నది అందులో ముఖ్యము. కాని కర్నూలులో ఒక్క వోటు తేడాను సైతము సభయే తేల్చిన కాలమును చూచినవారు, ఢిల్లీలో సభను వోటు వేయనీయకుండుట చూచి నొచ్చుకొనిరనుటలో తప్పులేదు. 1982 వరకు రాష్ట్రపతిగా నుండి, 1996 జూన్ 1వ తేదీన బెంగుళూరులో వారు స్వర్గస్థులైరి.

మిగిలిన నీరు

ఇక శ్రీబాగ్‌లో మిగిలిన మాటకు రావలెను. 1950ల ఆరంభమున మదరాసు ప్రభుత్వము సిద్ధేశ్వరమువద్ద కృష్ణకు ఆనకట్ట కట్టి నీటిని పెన్నకు మరల్చు కృష్ణా–పెన్నారు పథకమును తలపెట్టినది. ఆ నీరు తమిళదేశమునకు తరలునని ఆంధ్రనాయకులు భయపడిరి. ఖోస్లా సంఘము నందికొండను ఎన్నుకొన్నది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. సిద్ధేశ్వరము మూలబడినది. అరవదేశమునకు నీరు పోకూడదను పట్టుదలలో సీమకు రావలసిన నీరును నిలిచిపోయినది.

1963 జూలైలో సంజీవరెడ్డిగారు ముఖ్యమంత్రిగా నున్నప్పుడు శ్రీశైలమున నెహ్రూగారు మరియొక శంకుస్థాపన చేసిరి. అది కర్నూలు జిల్లా గట్టును తాకు జలాశయము. కర్నూలు జిల్లా పల్లెలు అనేకము దానిలో మునిగినవి. కాని అది విద్యుత్తు పథకముగా ఆరంభమైనదే గాని సీమ చేలకు నీరిచ్చు పథకముగా కాదు. భూమి సీమది, మునక సీమది, వెలుగు అందరిది. ముఖ్యమంత్రి సీమవాడే. తరువాత ఆ జలాశయమునకే నీలం సంజీవరెడ్డి సాగరమని పేరు పెట్టిరి. వారి పేరిట నిలిచిన నీరు వారి సీమకు ప్రవహించుటకు ఇంకను ఎన్నో సంవత్సరములు పట్టినది. పోతిరెడ్డిపాడు తూములు, తెలుగుగంగ, శ్రీశైలము కుడికాలువ, గాలేరు–నగరి సుజల స్రవంతి వరుసగా వచ్చినవి. శ్రీశైలము నీరు గోరకల్లు, అవుకు మీదుగా గండికోటకు చేరినది. 26.85 టి.ఎం.సి.ల జలాశయము ఎర్రమల కొండల నడుమ నిండినది. శ్రీబాగ్ సంతకములనాటినుండి లెక్కించిన 80 సంవత్సరముల పైమాట.

ఆ నీటికి ఋణము తీర్చినవారు వేరే యున్నారు. కొండాపురము మండలమున తాళ్ళప్రొద్దుటూరు మొదలగు గ్రామములు 2020లో నీట మునిగినవి. ఇండ్లు, గుళ్ళు, పెద్దల సమాధులు విడిచి జనము లేచిపోయిరి. శ్రీశైలమున మునిగినవారి పిల్లలవలె వీరి పిల్లలును పరిహారపు లెక్కలకొరకు కచ్చేరీల చుట్టు తిరుగవలసినవారైరి. పెమ్మసానివారి కోటగోడపై నిలిచి క్రింది నీటిని చూచువారు దాని అడుగున గల ఊళ్ళను మరువరాదు.

లెక్క

మూడు కొలతలతో చూచినచో సంజీవరెడ్డిగారి లెక్క ఇట్లు తేలుచున్నది. పక్షములు ఎదురెదురుగా నిలిచినచోట వారు తమ నిలుకడను దాచలేదు. పీఠమెక్కినచోట ప్రహ్లాదునివలె స్వపక్షమును ప్రక్కకు పెట్టిరి. పదవికంటె మర్యాద గొప్పదని 1964లో ఆచరణలో చూపిరి. ఇవి జమ. సంతకము చేసిన మాటను 1956లో తేలికచేసిరి. న్యాయస్థానమున పలుకవలసినచోట పలుకలేదు. సీమ తన రాజధానిని వదలుకొన్ననాడు నీటిమాటను గట్టిపరచలేదు. ఇవి ఖర్చు. శేషము ఎంతయో ఎవరికి వారు తేల్చుకొనవలసినదే. పటములకు దండలు వేయువారు జమనే చదువుదురు. పగవారు ఖర్చునే చదువుదురు. ఊరికి కావలసినది రెండు వైపులను చదువు పాఠకుడు.

అట్టి పాఠకులను తయారుచేయుటకే గ్రామమున గ్రంథాలయ మున్నది. రామాయణ భారతములతోపాటు శాసనసభా చర్చల సంపుటములు, వార్తాపత్రికల పాత కట్టలు, ఒప్పందముల ప్రతులు గ్రంథాలయమున నుండవలెను. చెదలు పట్టకుండ వానిని కాపాడవలెను. ఎన్నికలనాడు ఊరికి వచ్చిన ప్రతినిధిని అడుగదగిన ప్రశ్నలు మూడే : సభలో ఏమి పలికితివి? ఎటు వోటు వేసితివి? ఎక్కడ మౌనము వహించితివి? ఈ ప్రశ్నలడుగుటకు గండికోట పెద్దలకును, యువకులకును ధైర్యముతోపాటు ఆధారము కావలెను. ఆధారము గ్రంథాలయములో దొరకును. రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ సంస్థ స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి, ఆ మూడు ప్రశ్నలను పుస్తకము చేతపట్టుకొని అడుగగలవారు ఊరిలో పదిమంది యుండిన, దానికంటె గొప్ప సన్మానము గ్రంథాలయమునకు వేరుండదు.